పద్నాలుగో నంబరు క్లిప్పు

ఇరవై ఏడో నంబరు క్లిప్పు స్ప్రింగు సడలింది. దాన్ని ఊడదీసి, పళ్ళ మధ్య పెట్టి కాస్త వంచి, మళ్ళీ బిగించి, బోర్డు మీది తీగకి తగిలించి లాగి చూశాడు. పట్టింది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్ఫై. ముప్ఫై నంబర్లకీ ముప్ఫై క్లిప్పులు ఉన్నాయి. బట్టలు ఆరేసుకునే మామూలు చెక్క క్లిప్పులే, ఒక్కోదాని మీద నీలం సిరాతో ఒక్కో అంకె వేసి ఉంది. బోర్డుని మైదానం అంచున ఇనుప కంచెకి ఆనించి, కింద రెండు రాళ్ళు ఆసరా పెట్టి, పక్కనే మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. టైము ఎనిమిదిన్నర.

అతనికి యాభై ఎనిమిదేళ్ళు. పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే యంత్రం దగ్గర ముప్ఫై ఒక్కేళ్ళుగా పని. ఆవిరి కొట్టీ కొట్టీ ముంజేతుల మీద వెంట్రుకలు మొలవడం మానేశాయి. వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయాయి. ఎక్కడైనా వేలిముద్ర వెయ్యాల్సి వస్తే మిషను పట్టుకోదు, గుమాస్తా విసుక్కుంటాడు, ఇతను ఆ తప్పేదో తనదే అన్నట్టు నవ్వుతాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే, ఎవరూ గట్టిగా అడగలేదు, అంతే. ఏడాది పొడుగునా సెలవు పెట్టడు గానీ, బొమ్మ విమానాల పిచ్చి ఉన్నవాళ్ళంతా చేరే ఈ ఒక్క రోజుకి మాత్రం తప్పకుండా పెడతాడు. ఇక్కడ అందరికీ అతను క్లిప్పుల బాబాయ్.

ఆ క్లిప్పుల కథేమిటో కొత్తగా వచ్చినవాళ్ళకి ఓపిగ్గా చెబుతాడు. పాత రకం రిమోటు ఒక్కోదానికి ఒక్కో నంబరు ఉంటుంది. ఒకే నంబరువి రెండు రిమోట్లు ఒకేసారి వేస్తే, పైన ఎగిరే విమానానికి ఎవరి మాట వినాలో తెలియదు, పడిపోతుంది. అందుకే నంబరుకొక క్లిప్పు. ఎగరేసేవాడు వచ్చి తన నంబరు క్లిప్పు తీసుకుని చొక్కా కాలరుకి పెట్టుకోవాలి. కాలరు మీద క్లిప్పు లేనివాడు స్విచ్చి మీద చెయ్యి వెయ్యకూడదు. దించాక క్లిప్పు తెచ్చి బోర్డుకి పెట్టాలి. ఇందులో బాబాయ్ దగ్గర మొహమాటాలు నడవవు. ఓసారి పోలీసు పెద్దాయన వచ్చి క్లిప్పు లేకుండా స్విచ్చి వెయ్యబోతే, చేతిలోంచి రిమోటు లాక్కున్నాడు.

కొత్త రిమోట్లకి ఈ బాధ లేదు. వాటి దారి అవే వెతుక్కుంటాయి. పోయినేడాది క్లిప్పు అడిగినవాళ్ళు నలుగురు. కుర్రకారు బోర్డు మీద తడి చేతిరుమాళ్ళు ఆరేసి, "బాబాయ్, మా బట్టలు జాగ్రత్త" అని ఆటపట్టించారు. ఇవాళ తొమ్మిది దాటాక సంఘం కార్యదర్శి టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చి, కాసేపు ఆకాశం చూసి, మెల్లగా అసలు మాట చెప్పాడు.

"వచ్చే ఏడు నుంచి బోర్డు అక్కర్లేదనుకుంటున్నాం బాబాయ్. మీరు హాయిగా ముందు వరసలో కూర్చుని చూడండి. ఎన్నాళ్ళని ఈ ఎండలో?"

"అలాగే" అన్నాడు. టీ గ్లాసు కుర్చీ కింద పెట్టేశాడు.

కార్యదర్శికేం తెలుసు! తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే, అది తనే. ఇరవై రెండేళ్ళ కిందట ఇదే మైదానంలో అన్నయ్య విమానాన్ని కూల్చింది తనే.

అన్నయ్య నీటి పంపుల ఫిట్టరు. రోజంతా గ్రీజులో మునిగి, సాయంత్రం చేతులు రెండుసార్లు కడుక్కుని, పల్చటి చెక్క ముక్కలు కోసి, అతికించి, సన్న కాగితం పరిచి రెండేళ్ళు కూర్చుని ఒక పసుపుపచ్చ విమానం చేశాడు. రిమోట్లు అన్నదమ్ములిద్దరూ ఇక్కడే, మైదానం పక్క హాల్లో పాత సామాన్లు మార్చుకునే బల్లల మీదే, పాత రేడియో ఒకటి ఇచ్చి తెచ్చుకున్నారు. జంటగా దొరికాయి. రెండూ పద్నాలుగే. "ఏముందిరా, ఒకరి తర్వాత ఒకరం ఎగరేద్దాం" అన్నాడు అన్నయ్య. ఆ రోజు క్లిప్పు అన్నయ్య కాలరుకి ఉంది. పసుపు విమానం రెండు చుట్లు తిరిగింది. జనం చప్పట్లు కొడుతున్నారు. తన వంతు ఎప్పుడా అని తహతహగా ఉంది తమ్ముడికి. తన విమానం చుక్కాని కదులుతోందో లేదో ఒక్కసారి, ఒక్క క్షణం చూద్దామని బల్ల కింద చెయ్యి పెట్టి స్విచ్చి వేశాడు. మూడంకెలు లెక్కపెట్టేంత సేపు. పైన పసుపు విమానం ఒణికి, పక్కకి దొర్లి, ముక్కు కిందికి పెట్టి కంచె అవతల పడింది.

అన్నయ్య తన రెండు బొటనవేళ్ళ వంకా చూసుకున్నాడు. "నా చేతులే" అన్నాడు. మళ్ళీ చెక్క ముట్టలేదు. కత్తులు ఎవరికో ఇచ్చేశాడు. సాయంత్రాలు టీవీ గొంతు నొక్కేసి బొమ్మలు చూస్తూ కూర్చునేవాడు. ఆ గొడవలో పద్నాలుగో క్లిప్పు ఎటో పోయింది. మరుసటి ఏడాది బోర్డు చూసే ముసలాయన మానేస్తే, ఆ పని తనకివ్వమని ఇతను అడిగి మరీ తీసుకున్నాడు. పద్నాలుగు కొత్తది చేశాడు. ఎర్ర రంగు అంకెల పాత క్లిప్పులు ఒక్కొక్కటే విరిగిపోతుంటే నీలం సిరావి పెట్టుకుంటూ వచ్చాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఈ మైదానంలో ఆ తప్పువల్ల ఒక్క విమానం పడలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. ఎవరు గమనిస్తారు, పడనిదాన్ని!

ఇప్పుడు అన్నయ్య అదే పెద్దాసుపత్రిలో, మూడో అంతస్తులో, గుండె నీరసించి పడుకుని ఉన్నాడు. పదకొండు రోజులయింది. పని దిగగానే పైకెక్కి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటున్నాడు తమ్ముడు. చెప్పాల్సిన మాట తయారుగానే ఉంది. ఇస్త్రీ యంత్రం రొదలో ఎన్ని వేలసార్లు అనుకున్నాడో. అన్నయ్యా, ఆ రోజు స్విచ్చి వేసింది నేనే. అంతే, ఇంతోటి మాట. పదకొండు రోజులూ నోట్లోదాకా వచ్చి, "మంచినీళ్ళు తాగుతావా?" అయిపోయింది. ఇవాళ బోర్డు పని అవగానే వెళ్ళి చెప్పేస్తానని రాత్రే ఒట్టు పెట్టుకున్నాడు.

పదింటికి గడియారాల రిపేరు చేసే ఆయన వచ్చి పద్నాలుగు తీసుకున్నాడు. ఇవాళ అడిగిన మొదటి క్లిప్పు అదే. పావుగంట ఎగరేసి, శుభ్రంగా దించి, విమానం చంకన పెట్టుకుని హాల్లోకి నడిచాడు, కాలరుకి క్లిప్పుతోనే. బాబాయ్ కేకేశాడు గానీ ఇంజన్ల మోతలో వినబడలేదు. అంతలో జేబులో ఫోను మోగింది.

"చిన్నబ్బాయ్, మీ అన్నయ్య నిన్నే అడుగుతున్నారు. పొద్దున్నించీ అదే పాట. వస్తావా?" అంది వదిన.

"ఎలా ఉన్నాడు వదినా?"

"ఏం చెప్పను? నిన్నటిలాగే ఉన్నారు. కళ్ళు మూస్తున్నారు, తెరుస్తున్నారు. నువ్వు రా."

"ఒక్క క్లిప్పు రావాలి. రాగానే బయల్దేరతా."

వదినకి ఆ మాట అర్థమైందో లేదో, "సరే" అని పెట్టేసింది.

ఈలోపు డ్రాయింగు మేష్టారు వచ్చి నిలబడ్డారు. డెబ్భై దాటిన మనిషి. ఆయనదీ పద్నాలుగే. "గడియారాలాయన దించి అరగంటయిందయ్యా, నన్ను ఎగరేసుకోనివ్వు" అన్నారు.

"క్లిప్పు రావాలి మేష్టారూ."

"ఆయన లోపల బేరాల్లో ఉన్నాడు. రిమోటు సంచీలో ఉంటుంది."

"సంచీలోనే ఉంటుందని ఎవరు చూశారండీ?" అన్నాడు. మరీ గట్టిగా అన్నాడు. మేష్టారు బిత్తరపోయి నుంచుండిపోయారు.

కార్యదర్శి వచ్చి, "ఇంటి దగ్గర్నించి ఫోనటగా, వెళ్ళండి బాబాయ్, నేను చూసుకుంటా" అన్నాడు. చూసుకోడని తెలుసు. ఇతను గేటు దాటగానే మేష్టారు స్విచ్చి వేస్తారు, హాల్లో గడియారాలాయన తన రిమోటు పనిచేస్తుందని ఎవరికో వేసి చూపిస్తాడు. బల్ల కింద ఆ మూడంకెలసేపు చాలు. తన ఆఖరి రోజున, తన బోర్డు ముందు అది జరగనిస్తాడా?

మేష్టారి చేత ఒట్టేయించుకుని హాల్లోకి పరుగెత్తాడు. లోపల తిరనాళ్ళంత జనం. బల్లల మీద ఒంట్లు లేని రెక్కలు, రెక్కలు లేని ఒంట్లు, కోడిగుడ్ల అట్టల్లో సర్దిన చిన్న చిన్న ఇంజన్లు, పురికొసతో కట్టిన ప్రొపెల్లర్లు. ఒకావిడ పోయిన మొగుడి విమానాలన్నీ తెచ్చి పరిచి, బదులు ఏదీ అడక్కుండా, "బాగా చూసుకుంటామంటేనే తీసుకెళ్ళండి" అంటోంది. ఆవిడ ముందు ఆగలేకపోయాడు. మనుషుల మొహాలు కాదు, కాలర్లు చూసుకుంటూ ఒక్కో వరసా తిరిగాడు. జేబులో ఫోను మళ్ళీ మోగినట్టుంది. ఆ గోలలో తెలియలేదు. తెలియలేదనే చెప్పుకున్నాడు తర్వాత.

గడియారాలాయన చిట్టచివరి వరసలో ఉన్నాడు. మూడు రెక్కల ప్రొపెల్లరుకి బదులు ఇంధనం డబ్బా ఒకటా రెండా అని బేరమాడుతున్నాడు. కాలరుకి క్లిప్పు లేదు. చూస్తే, పల్లీల పొట్లం మూతి మూసి దానికి పెట్టుకున్నాడు.

"అయ్యయ్యో, మర్చేపోయా బాబాయ్!" అని నాలిక్కరుచుకున్నాడు.

క్లిప్పు గుప్పిట్లో బిగించి బయటికొచ్చాడు. మేష్టారు కదలకుండా ఉన్నచోటే ఉన్నారు. పద్నాలుగు ఆయన కాలరుకి స్వయంగా పెట్టాడు.

అప్పుడైనా వెళ్ళొచ్చు. క్లిప్పు ఉండాల్సినవాడి దగ్గరే ఉంది. వెళ్ళలేదు. మేష్టారు దించేదాకా కుర్చీలో కూర్చుని చూశాడు. నిజం చెప్పాలంటే భయం. ఇరవై రెండేళ్ళ కిందట మూడంకెలసేపు తొందరపడ్డవాడు, ఆ రోజు నుంచి ప్రతిదానికీ ఆలస్యమే చేస్తూ వచ్చాడు. చెప్పాక అన్నయ్య మొహం ఎలా ఉంటుందో తల్చుకుంటే లేవబుద్ధి కాలేదు. మేష్టారి తెల్ల విమానం నిదానంగా గుండ్రాలు తిరిగి, గడ్డిని ముద్దాడి ఆగింది. మేష్టారు క్లిప్పు తెచ్చి బోర్డుకి పెట్టి, "ఇంక ఎవరూ లేరు, నేనే ఆఖరు" అన్నారు.

ముప్ఫై క్లిప్పులూ లెక్క చూసుకుని, బోర్డు చంకన పెట్టుకుని బస్సెక్కాడు. కండక్టరు దాన్నీ ఇతన్నీ ఎగాదిగా చూసి, "బట్టలెక్కడయ్యా?" అన్నాడు. ఎవరో నవ్వారు. ఇతను పెదాలు కదుపుతూ కూర్చున్నాడు. అన్నయ్యా, ఆ రోజు స్విచ్చి వేసింది నేనే. అన్నయ్యా, ఆ రోజు.

మూడో అంతస్తు వరండాలో బెంచీ మీద వదిన ఒక్కర్తీ కూర్చుని ఉంది. ఒళ్ళో బట్టల సంచీ. గదిలో ఉండాల్సిన సంచీ. అది చూడగానే తెలిసిపోయింది.

"ఇరవై నిమిషాలయింది" అంది వదిన. "మళ్ళీ ఫోను చేశాను. ఎత్తలేదు."

బోర్డు బెంచీకి ఆనించి పక్కన కూలబడ్డాడు. వదిన తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. సంచీలోంచి అన్నయ్య కళ్ళజోడు డబ్బా తీసి, అందులోంచి ఏదో తీసి ఇతని చేతిలో పెట్టింది.

"ఇది నీకిమ్మన్నారు. 'ఆ రోజు చిన్నోడి దగ్గర క్లిప్పు లేదు పాపం, ఇకనైనా ఇచ్చెయ్యి' అన్నారు. ఒకటే పలవరింత. 'వాడు చెబుతాడని చూశాను, భయపడుతున్నాడు, నువ్వు ఇచ్చెయ్యి' అని. ఏం క్లిప్పు, చిన్నబ్బాయ్? ఏం చెబుతావని?"

అరచేతిలో పాత చెక్క క్లిప్పు ఉంది. స్ప్రింగు తుప్పు పట్టింది. మీద ఎర్ర రంగుతో పద్నాలుగు.

వదిన అతని మొహంలోకే చూస్తోంది. చేతికొచ్చిన క్లిప్పుని నంబరు చూసి తగిలించడం ఇరవై ఒక్కేళ్ళ అలవాటు. వంగి, తీగ మీద దాని చోట తగిలించాడు. లేచి గదిలోకి వెళ్ళాడు.

అన్నయ్యని మెడదాకా తెల్ల దుప్పటి కప్పి పడుకోబెట్టారు. దుప్పటి మధ్యలో మడత గీత చక్కగా ఉంది. తన యంత్రం మీంచి వచ్చినదే, నిన్నటిదో మొన్నటిదో. చేతులు పైకి తీసి పెట్టారు, బొటనవేళ్ళు రెండూ దాని మీద ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. తన చేతులే తప్పు చేశాయని అన్నయ్య నమ్మలేదన్నమాట. ఒక్కరోజు కూడా నమ్మలేదు. తమ్ముడు చెబుతాడని చూశాడు. ఇరవై రెండేళ్ళు, గొంతులేని టీవీ ముందు కూర్చుని, చూశాడు.

"అన్నయ్యా, ఆ రోజు స్విచ్చి వేసింది నేనే" అన్నాడు. గొంతు తడబడలేదు. ఎంత సులువుగా వచ్చిందో! ఇంత సులువని ఇన్నాళ్ళూ తెలియలేదే అని చచ్చిపోయేలా ఏడ్చాడు. గుమ్మంలో వదిన నిలబడి ఉందని తర్వాతెప్పటికో చూశాడు. ఆవిడ లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు.

మధ్యాహ్నం నలుగురూ వచ్చారు. అన్నయ్యని కిందికి దించారు. ఇతను స్ట్రెచరు పట్టుకుని కూడా నడిచాడు. తాము తెచ్చినవేవీ ఎవరికీ గుర్తులేవు. సాయంత్రం వరండా తుడవడానికి వచ్చినావిడ బెంచీకి ఆనించి ఉన్న బోర్డు చూసి, ఎవరిదో అని గోడ వారగా జరిపి పెట్టింది. నంబరుకొక క్లిప్పు చొప్పున ముప్ఫై నంబర్లు. పద్నాలుగు కింద మాత్రం రెండు, నీలం అంకెది ఒకటి, ఎర్ర అంకెది ఒకటి, పక్కపక్కనే.