అంజన్న ఎత్తలేని కాగితం

అంజన్న బేగంబజార్‌లో హమాలీ. బస్తా మీద చెయ్యేసి బరువు చెప్పడంలో అతనికి సాటి లేరు. కాంటా తప్పినా అంజన్న తప్పడని సేట్లే ఒప్పుకుంటారు. పొద్దున్నే జల్‌పల్లిలో బస్సెక్కి, పొద్దుగూకేదాకా మూటలు మోసి, ఇంటికొచ్చాక ఇంకొక్క బరువు చూసేవాడు. అది కూతురు భాగ్యశ్రీ కాగితం.

పేదింటి ఆడపిల్ల తొమ్మిదిలో చేరగానే సర్కారు ఆమె పేరు మీద బ్యాంకులో డబ్బు వేసి కాగితం ఇస్తుంది. పది పాసై, పెళ్లి కాకుండా పద్దెనిమిది నిండితే ఆ డబ్బు పిల్లదే. పిల్ల చదివేకొద్దీ కాగితం బరువెక్కుతుంది. బస్తీలో అందరిళ్లలోనూ అంతే. పక్కింటి డానియేలు కూతురు వారం రోజులు బడి ఎగ్గొడితే వాళ్ల కాగితం పావుకిలో తగ్గి, ఇంట్లో పెద్ద లొల్లయింది. భాగ్యశ్రీది మాత్రం తగ్గిన పాపాన పోలేదు. ఏడాది తిరిగేసరికి అరబస్తా అయింది. దాని దెబ్బకు రేకుపెట్టె అడుగు ఊడితే అంజన్న ఊరందరికీ చూపించి మురిసిపోయాడు. అప్పట్నుంచి కాగితం మూలన నేల మీదే ఉంటోంది.

పిల్ల పదిలో ఉండగా అంజన్న నడుము పట్టేసింది. మూడు నెలలు మోయొద్దన్నాడు డాక్టరు. భార్య సుందరమ్మ నాలుగిళ్లలో పనిచేసి తెచ్చేది బియ్యానికే చాలడం లేదు. గిన్నెల దుకాణం పురుషోత్తం సేటు, పిల్లను బడి మాన్పించి ప్యాకింగుకు పంపమన్నాడు. అంజన్న తలైతే ఊపాడు గానీ, ఆ పూట ముద్ద దిగలేదు.

బడి మానేస్తే కాగితం వాపసు ఇవ్వాలని బడిలో చెప్పారు. అంజన్న వంగి పట్టుకున్నాడు, కదల్లేదు. నడుము వల్లేమో అనుకుని తన ముఠాలోని రాజన్ననూ మరో ముగ్గురు హమాలీలనూ పిలిపించాడు. నలుగురూ భుజం పెట్టారు. కాగితం అంచు కూడా లేవలేదు.

"ఎంతుంటదన్నా?" చెమట తుడుచుకుంటూ అడిగాడు రాజన్న.

అంజన్న అరచెయ్యి ఆనించి చాలాసేపు చూశాడు. "నా చేతికి అందుతలేదు తమ్మీ," అన్నాడు. ఆ మాటలో గర్వం ఉంది.

అంతలో భాగ్యశ్రీ చీపురుతో వచ్చింది. రెండు వేళ్లతో కాగితం ఎత్తి, కింద ఊడ్చి, మళ్లీ అక్కడే పెట్టింది. "రేపు లెక్కల పరీక్షుంది బాపూ. నేను బడికి పోత," అంది.

హమాలీల్లో ఒక కట్టుబాటుంది. భుజం పెట్టిన బరువును చేరాల్సిన చోటికి చేర్చందే వదలరు.

"భుజం పెట్టినం గదన్నా. ఇగ గిది మా బరువు గూడ," అన్నాడు రాజన్న. "నీ నడుము బాగయ్యేదాంక నీ వంతు మూటలు మేం మోసి, కూలి నీకిస్తం. పిల్లను బడికి తోలు. ఫికర్ జెయ్యకు."

అన్నమాట నిలబెట్టుకున్నారు. భాగ్యశ్రీ పది పాసైంది, ఇంటరూ పాసైంది. పద్దెనిమిది నిండిన మర్నాడు కాగితం చేతబట్టుకుని బ్యాంకుకు బయలుదేరింది. ఆమె అడుగేసిన చోటల్లా బండలు కుంగుతున్నాయి. అంజన్న ఒట్టి చేతులతో ముందు నడుస్తూ, ఇన్నేళ్ల హమాలీ బతుకులో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాడు.

"జరగుండ్రి! జరగుండ్రి! నా బిడ్డ బరువు మోసుకొస్తుంది!"