డ్రమ్స్: ఒక ఫ్రెండ్

శనివారం పొద్దున పదకొండింటికి, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఇండియన్ గ్రోసరీ ముందు, డిక్కీలో ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా పడేసి వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్న దమయంతికి కారు స్పీకర్లలోంచి తన గొంతే వినిపించింది.

ఫోన్‌లోని పాటల యాప్ దానంతట అదే ఏదో మొదలుపెట్టింది. శాడిల్‌బర్న్ అనే టెక్సస్ బ్యాండు ఇరవై ఏళ్లలో వేసిన నాలుగు స్టూడియో ఆల్బమ్‌ల నుంచి పదహారు పాటలు ఏరి, ఆ వారమే విడుదల చేసిన కంపైలేషన్ అది. వాళ్లు వాయించేది థ్రాష్ మెటల్. అంటే గిటార్లు రంపాల్లా కోస్తుంటే, డ్రమ్స్ మీద కూర్చున్న మనిషి వెనక ఊరకుక్కలు తరుముతున్నట్టు వాయించే సంగీతం. నాలుగో పాట ముందు వైరు గుయ్యిమంది, ఎవరో దగ్గారు, తర్వాత ఒక ఆడగొంతు తీరిగ్గా లెక్కపెట్టింది.

"ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ."

పదమూడేళ్ల కిందట 'నో వాటర్ రైట్స్' అనే స్టూడియో ఆల్బమ్‌లో ఈ పాట వచ్చినప్పుడు ఆ లెక్క కత్తిరించేశారు. ఇప్పుడు పాత టేపులు బయటికి తీసి, పచ్చిగా ఉంటే బాగుంటుందని అలాగే వదిలేసినట్టున్నారు. దమయంతి పాట మొత్తం విన్నది. పల్లవికి ముందు దెబ్బలు గబగబా దొర్లుకుంటూ వచ్చే రోల్ దగ్గర ఆమె వేళ్లు వాటంతటవే స్టీరింగ్ మీద ఆడాయి. ఆ రోల్ ఆమెది. అమెరికాలో ఏ డ్రమ్మరూ దాన్ని అలా వాయించడు, ఎందుకంటే అది వరంగల్ పక్కన మామునూరు బెటాలియన్ పోలీసు బ్యాండులో పెరేడ్ సెల్యూట్‌కి ముందు వాయించేది.

ఆ బ్యాండులో సైడ్ డ్రమ్ వాయించిన కానిస్టేబుల్ కృష్ణమోహన్ ఆమె తండ్రి. క్వార్టర్స్ వరండాలో కూతురి చేతికి రెండు కర్రలిచ్చి, ముందు నోటితో లెక్క చెప్పించి తర్వాత వాయించమనేవాడు. తప్పుపోతే తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. "మళ్లా" అనేవాడు, అంతే. ఆ ఒక్క మాటకి దమయంతి చిన్నప్పుడు ఎన్నిసార్లు కళ్లనీళ్లు పెట్టుకుందో లెక్కలేదు.

ఎమ్మెస్ చేసి, హెచ్-1బి వచ్చి, కన్సల్టెంటుగా ప్రాజెక్టు వెంట ప్రాజెక్టు ఊళ్లు మారుతున్న రోజుల్లో సామానంతా ఒక స్టోరేజ్ షెడ్డులో పెట్టుకుంది. పక్క షెడ్డులో శాడిల్‌బర్న్ వాళ్లు ప్రాక్టీసు చేసేవాళ్లు. వాళ్ల డ్రమ్మరు మణికట్టు విరగ్గొట్టుకున్నాడు, స్టూడియో బుకింగ్ దగ్గర పడింది, వాళ్ల పాటగాడు వేడ్ తలపట్టుకుని కూర్చున్నాడు. కుక్కరు వెతుక్కోవడానికి వచ్చిన దమయంతి కాసేపు చూసి చూసి, ఒక్కసారి నేను కూర్చోనా అని అడిగింది. పదకొండు రోజుల్లో ఆల్బమ్ అయిపోయింది. ఒక్క డాలరు తీసుకోలేదు. ఆ పదకొండు రోజులంత సంతోషంగా ఆమె ఈ దేశంలో మళ్లీ ఎప్పుడూ లేదు, పెళ్లిరోజుతో సహా. ఆ మాట భర్త రాజీవ్‌కి చెప్పే ధైర్యం మాత్రం చేయలేదు.

అట్ట మీద పేరు ఎలా వేయాలని వేడ్ అడిగినప్పుడు ఆమె ఘోరమైన తప్పు చేసింది. మనవాళ్లకి మాత్రమే చేతనైన తప్పు అది. లాయరుకి వేలకి వేలు ఫీజు కట్టి, అసలు ప్రశ్న మాత్రం తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో పక్కన పులిహోర తింటున్న మనిషిని అడగడం. ఆ తినే మనిషి మల్లికార్జునరావు. పార్సిప్పనీ నుంచి మోరిస్‌విల్ మీదుగా ఇర్వింగ్ చేరిన సీనియర్ కన్సల్టెంటు. లాయరు కాదు, లాయరు తమ్ముడు కూడా కాదు. కానీ వీసా విషయంలో ఆయన మాట ఆ అపార్ట్‌మెంట్లన్నిటికీ వేదవాక్కు. డబ్బు తీసుకోకపోయినా పేరు కనబడితే వీసా ఇచ్చిన కంపెనీకి కాక బయట పనిచేసినట్టు ఎవిడెన్సేనని, వీసా స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు ఆఫీసరు గూగుల్ చేస్తే కొంప మునుగుతుందని ఆయన తేల్చేశాడు. దమయంతి భయపడి, తన పేరు వద్దని వేడ్‌కి చెప్పేసింది. అట్ట మీద 'డ్రమ్స్: ఒక ఫ్రెండ్' అని అచ్చయింది.

పదమూడేళ్లు ఆ ఫ్రెండ్‌గానే బతికింది. లాస్ కొలీనాస్‌లో ఉద్యోగం, టెస్టింగ్ లీడ్ హోదా, గ్రీన్ కార్డు లైన్లో పన్నెండేళ్ల నిరీక్షణ. పేరు లేకపోయినా ఆ పాటలు తనవని తనకి తెలుసు, అది చాలనుకుంది.

ఇప్పుడు పార్కింగులోనే ఫోన్ తీసి కంపైలేషన్ వివరాలు చూసింది. పదహారు పాటలకీ కలిపి ఒకటే లైను ఉంది. 'డ్రమ్స్: టాడ్ హెన్లీ.'

టాడ్ ఆ బ్యాండులో చేరి ఆరేళ్లే అయింది. దమయంతి అభిమానుల చర్చలు తెరిచింది. చదివేకొద్దీ మండిపోయింది. ఆ లెక్క ఏ భాషో తెలియక వాళ్లు కొట్టుకు చస్తున్నారు. ఒకడు హంగేరియన్ అన్నాడు, ఒకడు చేతబడి మంత్రమన్నాడు, ఇంకొకడు ఆ నాలుగు మాటల్ని ముంజేతి మీద పచ్చబొట్టు పొడిపించుకుని ఫోటో పెట్టాడు. ఎవరో తెలుగబ్బాయి పాపం, అది తెలుగు, ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు, అని రాస్తే, టెక్సస్ థ్రాష్ ఆల్బమ్‌లో తెలుగేమిటని పదిమంది వాణ్ణి వెక్కిరించారు.

ఇంటికి వెళ్లి రాజీవ్‌కి అంతా చెప్పింది. రాజీవ్ మంచివాడు. అతనికి కోపం రాదు, దిగులు వస్తుంది. గ్రీన్ కార్డు లైన్లో మన డేటు దగ్గర పడుతోందని, ఇల్లు, ఉద్యోగాలు, పాప స్కూలు అన్నీ ఆ ఒక్క కార్డు మీదే వేలాడుతున్నాయని, ఈ సమయంలో పాత సంగతి తవ్వడమెందుకని నెమ్మదిగా అడిగాడు.

"పదమూడేళ్లు ఊరుకున్నావు కదా దమ్మూ, ఇంకొన్నాళ్లు ఊరుకోలేవా?"

"పేరు లేకుంటే ఊరుకున్న రాజీవ్. నా చేతుల మీద ఇంకొకని పేరు రాస్తే ఎట్ల ఊరుకుంట?"

అయినా రాజీవ్ ఒప్పుకోలేదు.

సోమవారం ఆమె చేసిన మొదటి పని లాయరుకి ఫోన్ చేయడం. లాయరు అంతా విని, డబ్బు తీసుకోలేదు కాబట్టి తనకైతే పెద్ద భయం కనబడటం లేదని, కానీ ఇలాంటి వాటిలో గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని చెప్పింది. ఈ ప్రశ్న అప్పుడే నన్ను అడగాల్సింది అని కూడా అన్నది. దమయంతి ఫోన్ పెట్టేసి చాలాసేపు నవ్వింది, ఆ నవ్వులో ఏడుపే ఎక్కువ.

తర్వాత వేడ్‌కి రాసింది. వేడ్ గంటలో ఫోన్ చేశాడు. సిగ్గుపడ్డాడు. రికార్డు కంపెనీ మేనేజరు బ్రెంట్ ఈ జాబితా తయారుచేశాడని, తను సరిగ్గా చూడకుండా సంతకం పెట్టానని ఒప్పుకున్నాడు. రికార్డుల రెండో ముద్రణ ఇంకా ప్రెస్సుకి వెళ్లలేదు. కానీ ఒక ఫోన్ కాల్ నమ్మి బ్రెంట్ అట్ట మార్చడు. వచ్చే శనివారం మధ్యాహ్నం డాలస్‌లో, డీప్ ఎల్లమ్‌లోని ఒక రికార్డు షాపులో బ్యాండు వాయిస్తుంది, బ్రెంట్ వస్తాడు, నువ్వూ రా, అన్నాడు.

ఆమె కర్రలు వదిలేసి తొమ్మిదేళ్లయింది. ఇంట్లో డ్రమ్ములు లేవు. ఆఫీసు నుంచి రాగానే గరాజ్‌లోకి వెళ్లి సోనా మసూరి బస్తా మీద వాయించేది. మంగళవారానికి బొబ్బలొచ్చాయి, గురువారానికి బస్తా చిరిగింది. ఆ చిల్లుకి టేపు అంటించింది రాజీవే. శనివారం కారు తాళాలు కూడా అతనే తీసుకున్నాడు.

హైవే ఎక్కగానే కారులో ఫోన్ మోగింది. మల్లికార్జునరావు. దిగులు ఆపుకోలేక రాజీవే ఆయన చెవిన వేశాడని దమయంతికి అర్థమైంది. ఆయన గొంతులో పెత్తనం లేదు, నిజంగానే భయం ఉంది.

"ఇన్నేళ్లు జాగ్రత్తగా లాక్కొచ్చావు తల్లీ. రేపెప్పుడో గ్రీన్ కార్డు ఇంటర్వ్యూలో ఆఫీసరు అడిగితే ఏం చెబుతావు?"

"నేనే వాయించిన అని చెప్త, రావు గారూ. అప్పుడు చెప్పకపోవుడే తప్పయింది."

సరే, డీప్ ఎల్లమ్‌లో పార్కింగ్ కష్టం, ముందే యాప్‌లో బుక్ చేసుకోండి, అని చెప్పి ఆయన పెట్టేశాడు. రాజీవ్ ముసిముసిగా నవ్వాడు. వారం రోజుల్లో అతను నవ్వడం అదే మొదలు.

షాపులో ఒక ఎనభై మంది ఉంటారు, అంతా నల్ల టీషర్టులు. వేడ్ గడ్డం నెరిసింది, ఆమెని చూసి గట్టిగా కావలించుకున్నాడు. బ్రెంట్ మర్యాదస్తుడు. అలాంటివాళ్లతోనే కష్టం, తిట్టడానికి సందివ్వరు. టేపులో గొంతు మీదే కావచ్చు, కానీ స్టూడియోలో గొంతు ఎవరిదైనా ఉండొచ్చు, లెక్క చెప్పిన మనిషే వాయించిందని రుజువేముంది, అప్పటి కాగితాల్లో మీ పేరు లేదు కదా, అన్నాడు. లేకుండా చేసింది దమయంతే.

అప్పటిదాకా గోడకి ఆనుకుని వింటున్న టాడ్ ముందుకొచ్చాడు. పాతికేళ్లవాడేమీ కాదు, నడి వయసు మనిషి. ఆ జాబితా చూసి తనకీ ఇబ్బందిగానే అనిపించిందని, అయినా నోరు విప్పలేదని చెప్పాడు.

"ఆ నాలుగో పాటలో రోల్ ఆరేళ్లుగా ప్రయత్నిస్తున్నాను, ఒక్క రోజూ కుదరలేదు. ఆమెని కూర్చోనివ్వండి, వాయించింది ఎవరో మీకే తెలుస్తుంది" అని తన కర్రలు ఆమె చేతిలో పెట్టాడు.

దమయంతి కూర్చుంది. స్టూలు ఎత్తు తగ్గించుకుంది. కుదరకపోతే పేరు అడిగే హక్కు కూడా పోతుంది, ఇంకెప్పటికీ ఫ్రెండే. జనం ఎవరీవిడ అన్నట్టు చూస్తున్నారు. జీన్స్ మీద ఖాదీ కుర్తా, మెడలో నల్లపూసలు. వేడ్ గిటారు సవరించుకుని ఆమె వైపు తిరిగాడు. ఆమె కర్రలు పైకెత్తి, వరండాలో నేర్చిన అలవాటు ప్రకారం ముందు నోరు తెరిచింది.

"ఒకటీ."

ఎక్కడో ముందు వరసలో ఒకడు ఉలిక్కిపడ్డాడు. ముంజేతి మీద పచ్చబొట్టున్నవాడు. రెండూ అని అరిచింది వాడే. మూడూ అనేసరికి షాపులో సగం మంది అందుకున్నారు, నాలుగూ మాత్రం ఎనభై గొంతులూ కలిసి, కొంకర్లు తిరిగిన ఉచ్చారణతో, అద్దాలు అదిరేలా అన్నాయి. అర్థం తెలియని మాటల్ని వాళ్లంతా ఆమె నుంచే నేర్చుకున్నారు, ఇళ్లలో, కార్లలో, పది రోజులుగా. దమయంతి చేతులు ఆగలేదు.

వాయించింది. బొబ్బలు పగిలాయి. మొదటి చరణంలో ఒక దెబ్బ తప్పిందని ఆమెకి తెలుసు, వేడ్‌కీ తెలుసు. కానీ రోల్ వచ్చింది. మామునూరు మైదానంలో జెండా వందనం రోజు తండ్రి వాయించినట్టు, ఒక్క గింజ కూడా రాలకుండా వచ్చింది. టాడ్ కళ్లు మూసుకుని తల ఊపాడు. రాజీవ్ వెనక వరసలో ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. వద్దన్న మనిషి, రెండు చేతులూ పైకెత్తి మరీ తీస్తున్నాడు.

పాట అయ్యాక బ్రెంట్ నోట్‌బుక్ పట్టుకుని దగ్గరికి వచ్చాడు. 'నో వాటర్ రైట్స్' నుంచి తీసుకున్న ఐదు పాటలకీ ఆమె పేరు వేస్తానన్నాడు. ఎలా రాయాలో చెప్పమన్నాడు. ఆమె పెన్ను అడిగి తీసుకుని ఇంటిపేరుతో సహా తనే రాసింది, గుండెబోయిన దమయంతి అని, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో. బ్రెంట్ కొలత చూసుకుని, లైనులో పట్టదేమో, ముందక్షరాలు రెండూ వేస్తే సరిపోతుందా, అని అడిగాడు.

"పట్టకపోతే అక్షరాలు చిన్నవి చేయండి. పేరు చిన్నది చేయొద్దు" అన్నది దమయంతి. "ఒకసారి చదవండి, తప్పు పోకుండా."

బ్రెంట్ చదివాడు. 'గుండె' అన్న చోటే తడబడ్డాడు.

"మళ్లా" అన్నది ఆమె.

ఆ మాట అతనికి తెలియదు, కానీ అర్థమైంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఈసారి బోయిన దాకా వెళ్లి ఆగి, బిక్కమొహం వేసి ఆమె వైపు చూశాడు. వెనక తర్వాతి పాటకి సిద్ధమవుతున్న బ్యాండు ఆగింది, జనం ఆగారు. చేతులకంటిన నెత్తురు తుడుచుకుంటూ దమయంతి కదలకుండా నిలబడింది. ఆమెకేం తొందర లేదు.

"మళ్లా."

మూడోసారికి అతను పూర్తిగా, సరిగ్గా చదివాడు.