తొక్కినా పలకని పెట్టె

చిత్రావతి పొంగి మా వీధిలో మగ్గం గుంటల్లోకి నీళ్ళొచ్చిన యేడాది ఇది జరిగింది. మా పాత కంప్యూటరు ఆ నీళ్ళకే పాయ.

ధర్మవరంలో ఇప్పుడు చానా మగ్గాలకు, డిజైనుకని బెజ్జాలు కొట్టిన పాత అట్టలు లేవు. మగ్గం పైన ఒక పెట్టె ఉంటాది. నేను కాలికింద చెక్క తొక్కితే, ఈ వరసకు యే పోగులు లేపాల అని ఆ పెట్టె కంప్యూటరును అడుగుతాది. కంప్యూటరు చెప్తాది. పోగులు లేస్తాయి. అడ్డం పోగు పేకను మోసే నాడెను నేను వాటి నడమ ఇసురుతాను. నాకు తెలిసింది ఇంతే.

నా కొడుకు గిరి హిందూపురం పోయి కొత్త కంప్యూటరు తెచ్చె. దాంట్లో కొత్త విండోసు. మా కోడలు స్వప్న దాన్నీ, దాంతో వచ్చిన సామాన్లనూ చౌడేశ్వరి తల్లి పటం ముందర పెట్టి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టె.

అప్పుడు మగ్గం మీద పెండ్లి చీర ఉండాది. పెనుకొండ అనసూయమ్మ మనవరాలు హరితది. అంచు పొడుగునా నెమళ్ళు. ముహూర్తం శుక్రవారం. అప్పటికి చీర అందకపోతే పిల్ల అంగట్లో కొన్న చీరతో పీటల మీద కూర్చోవాల. ఆ పిల్ల ఫోనులో ముందే చెప్పింది, "తాతా, నాకు ఈ నెమళ్ళే కావాల" అని. సరే అంటి. మాటిచ్చినట్టే కదా.

కొత్త కంప్యూటరు పెట్టిన దినం తొక్కితి. పోగులు లేయలేదు. గుటక మింగేంత సేపుండి లేచె. అంతలోకే నా చెయ్యి నాడె ఇసిరేసినాది. నెమలి మెడ తెగిపాయ. పేక ఊడదీసి మళ్ళా తొక్కితి. మళ్ళా అంతే. ఇంక తొక్కేది, కాచుకునేది, ఇసిరేది. పొద్దు గూకేసరికి జానెడు కూడా సాగలేదు.

"మామా, కంప్యూటరుకు మార్చినాం గానీ నీ కాళ్ళకు కొత్త విండోసు ఎక్కించేది మరిచిపోతిమి" అనె స్వప్న.

పక్కింటి యల్లప్ప కిటికీలోంచి తొంగి చూసె. "ఏమప్పా తిమ్మరాజూ, నేస్తాండావా, మగ్గం మీద నిద్ర పోతాండావా?"

నేను తల ఎత్తకుండా మళ్ళా తొక్కితి. బదులు చెప్తే ఇంకో గంట నిలబడతాడు.

గిరి హిందూపురం అంగడికి ఫోను చేసె. ఆడ రాధ అని ఒక పిల్ల ఉండాది, ఇట్లాంటివన్నీ ఆ పిల్లే చూసేది. అది ఆపు, ఇది ఆపు, కరెంటు మిగిలిచ్చేది ఆపు అని చెప్పె. గిరి అన్నీ ఆపె. పెట్టె మాత్రం మారలేదు. కొత్త విండోసే దొంగది అని గిరి తిట్టె.

అనసూయమ్మ దినామూ ఫోను చేసేది. "ఏమన్నా, నెమళ్ళు యాడిదాకా వచ్చె?"

"వస్తాండాయి" అంటి.

"నడిచొస్తాండాయేమో!" అని ఆమె నవ్వె. నవ్వులో భయం కూడా ఉండె.

సోమవారం ప్యాసింజరు రైలుకు రాధ వచ్చె. నన్ను తొక్కమని కాసేపు చూసె. ఆ తర్వాత కంప్యూటరు వెనక్కి వంగి, "ఇదేంది గిరన్నా?" అనె.

పెట్టె నుంచి వచ్చే పాత వైరు కొత్త కంప్యూటరుకు పట్టలేదని, గిరి బస్టాండు కాడ ఒక చిన్న వైరు కొని రెండిటికీ నడమ అతికినాడు.

"పాతది బాగుండాదే, పారేస్తామా? కొత్తదాన్ని దానికే అతికినా" అనె గిరి.

మా ఇండ్లల్లో అంతే. మగ్గం మీద పాత పడుగు అయిపోతే కొసలు తీసి పారెయ్యం. ఆ కొసలకే కొత్త పడుగు పోగు పోగూ అతుకుతాం. మా నాయన అట్లనే చేసె, నేనూ అంతే. వాడు వైరును కూడా అట్లనే అనుకున్నాడు.

రాధ నవ్వె. "పోగులైతే అతకండన్నా, ఎవరొద్దన్నారు. ఈ అతుకు ఉండాదే, చిన్న మాట వస్తే వెంటనే దాటించదు. ఇంకా ఏమన్నా వస్తాదేమో అని పట్టుకోని కూర్చుంటాది. పెట్టె అడిగినప్పుడు కూర్చుంటాది, కంప్యూటరు చెప్పినప్పుడూ కూర్చుంటాది."

"అయితే అది మా మామే!" అనె స్వప్న. అందరూ నవ్విరి. నేను పేక చుట్టిన కండె ఎత్తుకోని పక్కకు తిరిగితి. నాకూ నవ్వొచ్చినాది.

"కంప్యూటరుతో పాటు నేనిచ్చిన వైరు యాడ?" అనె రాధ. "పెట్టెకు వెనక ఇంకో బెజ్జం ఉండాది, నేరుగా దాంట్లోకి పెట్టల్ల."

గిరి స్వప్నను చూసె. స్వప్న దేవుని గూటిని చూసె. వైరు ఆడనే ఉండాది, చుట్ట చుట్టినట్టే, కుంకుమబొట్టుతో, మీద వాడిన కనకాంబరాలు.

"అమ్మవారికి పంపలేదక్కా, మగ్గానికి పంపితి" అనె రాధ.

స్వప్న చెంపలు వేసుకోని వైరు తెచ్చిచ్చె. రాధ కుంకుమ తుడిచి వైరును నేరుగా పెట్టెకు తగిలిచ్చె. "తొక్కు తాతా."

తొక్కితి. కాలు కిందికి దిగకముందే పోగులు లేచె. కానీ నా చెయ్యి లేయలేదు. ఇన్ని దినాలు కాచుకోని కాచుకోని అది కూడా నేర్చుకున్నాది.

"పెట్టె బాగైపాయ. ఇప్పుడు తాతను చూడల్ల" అని ఆ పిల్ల సంచి సర్దుకోని రైలుకు పాయ.

మధ్యాహ్నానికి చెయ్యి దోవకు వచ్చె. మంగళవారం ఒక్క మెడా తెగలేదు. బుధవారం దీపాలు పెట్టకముందే చీర మగ్గం మీద నుంచి కోసి దింపితి.

మరుసటి దినం పొద్దున్నే తానం చేసి, చీరను ఉతికిన పంచెలో చుట్టి, పెనుకొండ రైలెక్కితి. నేను పోతా నాయనా అని గిరి అనె. వద్దంటి, మాటిచ్చింది నేను. అనసూయమ్మ ఇంటి వాకిట్లో పందిరి వేస్తాండారు. హరిత ఆడనే మడత విప్పి, భుజాన వేసుకోని, లోపలికి అద్దం కాడికి ఉరికె. అనసూయమ్మ నాకు పీట వేసె. ఆ పిల్ల నెమళ్ళతో బయటికి వచ్చేదాకా కూర్చుంటి.