కెప్టెన్‌కి అడ్డం నిలిచినవాళ్ళు

తిరుత్తణి బండి ఐదున్నరకి. జనని తిరువళ్ళూరులో ముకేశ్ బావ ఇంటికొచ్చేసరికి మూడు దాటింది. హ్యాండ్‌బ్యాగులో పసుపుగుడ్డలో చుట్టిన మొక్కుబొమ్మ ఉంది. తగరపు రేకు మీద అచ్చొత్తిన ఆడమనిషి, బొటనవేలంత. చెల్లెలు తనుశ్రీ డెంగీతో ఆసుపత్రిలో పడివుంటే, అమ్మ మునిలక్ష్మి దాన్ని ఆ పిల్ల తలచుట్టూ మూడుసార్లు తిప్పి జనని చేతికిచ్చింది. "నేరుగా తిరుత్తణి కొండమీద గుడికి పోయి ఉండీలో ఎయ్యి మే, యాడా నిలవొద్దు" అని మరీ చెప్పింది. నిలవొద్దన్నచోటే నిలవడం మన జననికి చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు.

"బండికి ఇంకా టయముంది గదా, ఒక ఆట ఆడి పో. మొహం చూడు, ఆముదం తాగినట్టుండాది" అన్నాడు ముకేశ్.

బల్లనిండా పచ్చగుడ్డ, థర్మోకోల్ గుట్టలు, రంగులేసిన ప్లాస్టిక్ సిపాయిలు. యుద్ధం ఆటట. టేపుతో కొలిచి నడపాలి, పాచికలేసి కొట్టాలి. జనని ఎన్నడూ ఆడి ఎరగదు. తీరా చూస్తే ఆమె పక్షం కెప్టెన్‌కి కాళ్ళు విరిగిపోయి ఉన్నాయి.

"ఏదో ఒకటి నిలబెట్టు, సుద్దముక్కయినా సరే" అన్నాడు బావ.

ఏ పాడు క్షణమో, తనుశ్రీ కూడా ఆడినట్టుంటుందిలే అనిపించింది. గుడ్డ విప్పి, తగరపు బొమ్మని రబ్బరుముక్కలో గుచ్చి నిలబెట్టింది.

కెప్టెన్‌కి మూడు ప్రాణాలు. ముకేశ్ వేసిన మొదటి పాచికకే ఒకటి పోయింది. ఫోన్ మోగింది. "జరం నూటమూడు దాటినాది మే" అంది అమ్మ. రెండోది పోగానే మళ్ళీ ఫోన్. "కండ్లు తేలేసినాది. పిలిస్తే పలకలేదు. ఉండీలో ఏసినావా లేదా?"

జనని బొమ్మని తాకింది. రేకు కాలుతోంది.

"బావా, ఇది నేను తీసేసుకుంటా."

"బల్లమీంచి తీస్తే కెప్టెన్ చచ్చినట్టే మే. అవతలి అంచు దాటిస్తేనే బతికినట్టు" అని నవ్వాడు ముకేశ్.

మామూలు రోజైతే నీ రూల్సూ నువ్వూ అని లాక్కుపోయేదే. ఇవాళ చెయ్యి బొమ్మమీదే ఆగిపోయింది. ఉన్నది ఒక్క ప్రాణం, అంచుకి మూడు ఎత్తుల దూరం.

"దెబ్బ ఇంకొకరు తినొచ్చా?"

"పక్కన సిపాయుంటే అడ్డం పెట్టుకో. దానికి బదులు వాడు పోతాడు."

పెట్టుకుంది. ఒకడు పోయాడు, బొమ్మ జరిగింది. రెండోవాడు పోయాడు, మళ్ళీ జరిగింది. మూడోవాణ్ణి తోసేటప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పడ్డవాళ్ళని ముకేశ్ బల్లవారన వరుసగా పడుకోబెట్టాడు. ఈ మూడుసార్లూ ఫోన్ మోగలేదు.

తగరపు బొమ్మ అంచు దాటింది. చేతిలోకి తీసుకుంటే చల్లగా ఉంది. జనని వెక్కివెక్కి ఏడ్చేసింది.

"ఓడింది నేను గదా, నువ్వేడస్తావేంది?" అని బిత్తరపోయాడు బావ.

అప్పుడు మోగింది ఫోన్. "చెమటలు పోసి జరం దిగిపోయినాది మే. లేసి కూసోని ఇడ్లీ అడగతా ఉండాది" అంది అమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "ఈ వార్డుకి ఏం పట్టినాదో ఏమో. దీని పక్కన మూడు మంచాలు ఖాళీ అయిపోయినాయి, గంటలోపల, ఒకదెనకాల ఒకటి. పొద్దున దీనికి నీళ్ళు తాగిచ్చింది గూడా ఆ పోయినోళ్ళే. బాగానే ఉండినారు."

జనని బల్లవారకి చూసింది. ఫోన్ పెట్టేసి, బావని అడగకుండానే ఆ ముగ్గురినీ పసుపుగుడ్డలో చుట్టుకుంది.

కొండమీద హుండీలో చెల్లెలి బొమ్మ వేసి, పేరు చెప్పి దండం పెట్టుకుంది. తర్వాత ముగ్గురు సిపాయిల్నీ బయటికి తీసింది. వెనక వరుసలో ఉన్న పెద్దామె వంగి చూసి, ఈ మొక్కులు ఎవరి పేరుమీదమ్మా అని అడిగింది.

జనని నోరు తెరిచింది. ఆ ముగ్గురి పేర్లూ తనకి తెలియవు.