గోడ మీద రెండో ముఖం

సున్నం ఆరగానే పెయింటరు బొగ్గుముక్క తీసుకుని నిచ్చెనెక్కాడు. అలవాటుగా చెయ్యి పైకి పోయింది. ముందుగా, పార్టీ పెద్దాయన ముఖం, మిగిలిన చోట పోటీ చేసే మనిషి ముఖం, అరచేయంత. ఏ ఎన్నికలొచ్చినా అదే లెక్క. పెద్దాయన గాలిలో గడ్డిపోచలు కూడా గెలిచాయి.

"ఈసారి ఆయన వద్దు అన్నా. నన్నొక్కదాన్నే వెయ్యి," అంది కింద నుంచి నర్సమ్మ. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం మానేసి రాష్ట్ర ఎన్నికల్లో నిలబడింది. "ఆయన పేరెత్తితే జనం తలుపులేసుకుంటున్నారు."

"ఆయనకి కోపం రాదూ?"

"రాజధానిలో ఉంటాడు. ఈ గోడ దాకా రాడులే."

పెయింటరు భయం వేరు. పెద్దాయన్ని గీసి గీసి చేతికి ఆ కళ్లే అలవాటయ్యాయి. పోయినసారి మిల్లు యజమానికీ, అంతకుముందు కుర్ర వకీలుకీ అవే దిగాయి. ఎవర్నీ చూడకుండా ఎక్కడో దూరంగా చూసే కళ్లు. ఎవరూ తప్పు పట్టలేదు. అప్పట్లో ఆ పోలికే ఓట్లు తెచ్చింది.

మధ్యాహ్నానికి నర్సమ్మ ముఖం వచ్చింది. కళ్లు మాత్రం ఆయనవి. చెరిపి మళ్లీ వేశాడు. మళ్లీ అవే. ఇక ఈ చేతికి ఇంకో మనిషి కనబడదేమో అనిపించింది. నిచ్చెన దిగాడు.

"కాసేపు నాకేసి చూడమ్మా."

"చూడక్కర్లేకుండానే కనబడుతోంది, ముఖం వాచింది. బీపీ మాత్ర వేసుకున్నావా?"

"భోంచేశాక..."

"ఉండు, మీ ఆవిడతో చెప్తాను!"

కోప్పడేటప్పుడు ఆమె రెప్పలు కొంచెం వాలి, చూపు ఎదుటి మనిషి చెయ్యి పట్టుకున్నట్టు ఆగుతుంది. అతను గబగబా నిచ్చెనెక్కాడు. ఈసారి చెయ్యి మాట విన్నది. కుంచె నల్లరంగులో ముంచి ఆ కళ్లు దిద్దాడు.

నర్సమ్మ ఓట్లడగడానికి వెళ్లిపోయింది. కూరల సంచితో పోతున్న ముసలమ్మ ఒకావిడ గోడ ముందు ఆగింది.

"ఏమ్మాయ్, నువ్విచ్చిన మందుకి దగ్గు తగ్గనే లేదు! గెలిచాకైనా మంచి మందియ్యి," అని గోడతో దెబ్బలాడి, నవ్వుకుంటూ వెళ్లింది.

నీడలో కూర్చున్న పెయింటరు అంతా విన్నాడు. తను గీసిన ముఖంతో ఒకరు మాట్లాడడం ఇదే మొదలు. ఒళ్లు తేలికైంది. గోడకి వీపు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

భార్య అన్నం తెచ్చేసరికి అలాగే ఉన్నాడు.

"పని ఎగ్గొట్టి కునుకా!" అంటూ పక్కనే కూలబడింది. పైకి చూసి, "అచ్చం నర్సమ్మే," అంది.

మెచ్చుకుంటే ఉలకని మనిషి కాదు. భుజం తట్టింది. తల మెల్లగా ఆమె ఒళ్లోకి వాలింది. ఊపిరి లేదు.

నిచ్చెన మెట్టుకి అతని కళ్లద్దాలు వేలాడుతున్నాయి. కుడి అద్దం మీద నల్లరంగు చుక్క ఇంకా తడిగానే ఉంది.