గుమ్మడికాయ కొట్టిన చెయ్యి

బొల్లారంలోని ఆ మందుల కంపెనీలో ఒక నమ్మకం ఉండేది. ఆయుధ పూజనాడు డ్రైయరు ముందు ఎవరిచేత గుమ్మడికాయ కొట్టిస్తే వాళ్లకు ఆ ఏడు ఉద్యోగం పర్మనెంటు. ఏ రూల్సులోనూ లేదు. అయినా నిరుడు సంగప్ప కొట్టాడు, అయ్యాడు. అంతకుముందు పోశమ్మ కొట్టింది, అయింది. ఇంకేం కావాలి?

మొగులమ్మ ఆ డ్రైయరులో తడి మందుపొడిని ట్రేలలో పరిచి ఎక్కించే కూలి. పొద్దున్నే గేటు ముందు నిలబడాలి. మేస్త్రీ వేలు చూపిస్తే లోపలికి, లేకపోతే ఇంటికి. ఆ వేలు కేసి చూడకుండా ఒక్కరోజన్నా గేటు దాటాలి. అదే ఆమె కోరిక.

తొంభై ఆరు దసరాకు డ్రైయరును షెడ్డు బయటికి లాగించారు. రంగు వేయడానికన్నారు. పూజ కూడా అక్కడే. మేనేజరు త్రినాథరావు హారతి ఇచ్చి చుట్టూ చూశాడు.

"మొగులమ్మా, ఇలా రామ్మా. ఈసారి నువ్వు కొట్టు."

పక్కనున్న బక్కమ్మ గిల్లింది.

"పో వదినె! ఇగ రేపట్నుంచి మాతోని మాట్లాడ్తవో లేదో!"

"నోర్ముయ్యే. గేటుకాడ నిలబడి నీకు చాయ్ తాపిస్త."

అందరూ నవ్వారు. గుమ్మడికాయ తెచ్చి చేతికిచ్చింది సంగప్ప. ఆమె ఊరివాడే, వరసకు తమ్ముడు. నిరుడు గంతులేసినవాడు ఇవాళ తలెత్తలేదు.

"గట్టిగ కొట్టక్కా," అన్నాడు గొంతులోనే.

కొట్టింది. కుంకుమ ముక్కలు నాలుగు దిక్కులా చెదిరాయి. కళ్లు మూసుకుని పోచమ్మకు మొక్కుకుంది.

కళ్లు తెరిచేసరికి పెద్ద గేటు బార్లా తెరిచి ఉంది. ఖాళీ లారీ, దాని వెనక క్రేను లోపలికి వస్తున్నాయి. బొట్లు పెట్టిన డ్రైయరు పూలదండతో సహా గాలిలోకి లేచి లారీలో కూర్చుంది.

"ఏంది సారూ గిది? మిషిని ఎటు వోతున్నది?"

"గుజరాత్ వాళ్లకి అమ్మేశామమ్మా. కంపెనీ మూసేస్తున్నారు." త్రినాథరావు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "బండి దూరం వెళ్లాలి కదా, అందుకే గుమ్మడికాయ. నిరాశ పడకండి."

మొగులమ్మ చెయ్యి ఇంకా కుంకుమతో ఎర్రగానే ఉంది. తన బువ్వను తన చేత్తోనే సాగనంపింది. సంగప్ప వైపు తిరిగింది.

"నీకు ఎరికేనా?"

"మొన్న పర్మనెంటోళ్లందరికి లెక్క తెంపి పైసలిచ్చిండ్రక్కా. కూలోళ్లకు చెప్తే లొల్లయితదని మా నోర్లు గట్టిండ్రు. కానీ నిన్ను పిలుస్తరని నాకు తెల్వదు."

"పిలిచినంక తెలిసింది గద. అయినా నా చేతుల వెట్టినవు."

ఆడవాళ్లు ఒక్కసారిగా గొంతెత్తారు. "నోట్ల మన్ను గొట్టిండ్రు!" "ఆశ జూపి కడుపుల తన్నిండ్రు!" మొగులమ్మ తిట్టు అందుకుంటే వాడంతా తలుపులు మూసుకునేది. ఇవాళ ఒక్క తిట్టూ దొరకలేదు. నిరాశట! వాన పడకపోతే నిరాశ. పెట్టిన చేను ఎండితే నిరాశ. మనిషిని పిలిచి, గుమ్మడికాయ కొట్టించి, మెడ కోస్తే దాన్నీ నిరాశే అనాలా? ఆ మాట అనడం మొదటి మోసం మీద ఇంకో మోసం.

లారీ డ్రైవరు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పైకెక్కాడు. మొగులమ్మ వంగి ఒక్కొక్కటీ ఏరుకుంది. కొంగున ముడేసి, ముందు చక్రానికి వీపు ఆనించి కూర్చుంది.

"ఏయ్, బండి తియ్యి!" అని అరిచాడు త్రినాథరావు.

"నింబూ బినా? నహీ సాబ్," అని డ్రైవరు ఇంజను ఆపేశాడు. నిమ్మకాయ నలగకుండా అతని బండి కదలదు.

"సంగప్పా! పరిగెత్తు! కొట్టుకెళ్లి నిమ్మకాయలు పట్రా!"

సంగప్ప గేటు దాకా పోయాడు. ఆగాడు. తిరిగి వచ్చి మొగులమ్మ పక్కన చతికిలబడ్డాడు.

ఆమె అతని ముఖం చూడలేదు.

"జెర అటు జరుగు," అంది. "బక్కమ్మకు జాగ గావాలె."