ఆసామి పంపిన పెట్టె

రొయ్యల గుంటలోంచి యెహోషువ శవాన్ని తీసినప్పుడు నేనక్కడే ఉన్నాను. నీళ్లు చిలికే ఏరేటరుకు పోయే కరెంటు వైరు, పై తొడుగు ఊడి, కట్ట మీద పడివుంది. అతని అరచేయి కాలి నల్లబడింది. వైరు మార్చమని గుంటల ఆసామిని మూడుసార్లు అడిగాడని కూలీలందరికీ తెలుసు.

గంట తిరక్కముందే ఆసామి మనిషి గణేష్ ఆటోలో శవపేటిక తెచ్చాడు. గుంటల దగ్గర ఎవరు చచ్చినా ఆసామి పెట్టె పంపుతాడు. దించుకుంటే ఇక కేసు లేనట్టే. ఏడేళ్ల కింద నా భర్త హెబ్రోనుకూ దించుకున్నాను. లోపల పరిచిన తెల్లగుడ్డ చూసి, ఎంత మంచి మనసో అని ఆసామికి దండం కూడా పెట్టాను.

"తాగి పడినాడంట గదా. పొద్దుగూకకముందే పూడ్చేయండి" అన్నాడు గణేష్.

నా కూతురు డెబోరా అడ్డం నిలబడింది. నేరాల్లో నష్టపోయినవాళ్లకు తోడుగా స్టేషన్లకూ కోర్టులకూ తిరగడమే దాని ఉద్యోగం. "పెట్టె దించొద్దు. పోస్టుమార్టం జరగాల."

"ఊరుకో మే! నిన్నేమన్నా చేస్తే నేనెట్టా బతికేది?" రెక్క పట్టి లాగాను.

"నాయనప్పుడు ఊరుకున్నావు గదమా. ఏమైంది? ఇప్పుడు యెహోషువన్న పోయినాడు."

పట్టిన రెక్క వదిలేశాను.

"రేపు పనెవరిస్తారు పాపా?" అన్నాడు ముసలి జకరయ్య.

"మీరు పోకుంటే రొయ్యలకు మేతెవరు చల్లతారు తాతా? ఆసామి పంచె ఎగ్గట్టి దిగతాడా?"

ఏడుపుల్లోనే ఎవరో నవ్వారు. యెహోషువ భార్య కరుణాకుమారి లేచింది. "నా మొగుడు చర్చిలో ప్రభువు బల్లకాడ ద్రాక్షరసం తప్ప చుక్క ఎరగడు. తాగినాడంటావా? ఎత్తుకపో నీ పెట్టె!"

ఆడవాళ్లమే దాన్ని ఆటోలోకి తోసేశాం. శవం నెల్లూరు ఆసుపత్రికి వెళ్లింది.

తెల్లారి పోలీసులొచ్చారు, ఆసామి కోసం కాదు, డెబోరా కోసం. జనాన్ని రెచ్చగొట్టిందని దాన్ని పట్టుకుపోయారు. ఇన్నేళ్లు నేను భయపడిందే జరిగింది. ఆ రోజు ఒక్కరూ గుంటల మీదికి పోలేదు. పల్లె పల్లెంతా స్టేషనుకు నడిచాం.

"పెట్టె తోసిందెవరు? పేర్లు చెప్పండి" అన్నాడు ఎస్సై.

అందరూ తలలు దించుకున్నారు. నేను ముందుకెళ్లాను.

"నేనే సార్. అబిగయీలు. నా పేరుతో పాటు నా మొగుడి పేరూ రాయండి. హెబ్రోను. ఆ గుంటల్లోనే కరెంటు కొట్టి చచ్చినాడు. ఆ కేసూ కట్టండి."

వెనకనుంచి ఇంకో గొంతు: "నా కొడుకు ఆదెయ్యది గూడా రాయండి సార్."

తర్వాత మరొకామె. ఆ తర్వాత ఇంకొకామె.

రైటరు ఇంకో కాగితం తీశాడు. నా బిడ్డను మాత్రం వదల్లేదు. మేమూ కదల్లేదు.